యంత్రముల పోరు – మనుష్యుల పొందు

పోరు నష్టము, పొందు లాభము అను సామెత నెరుగని తెలుగువాడుండడు. ఆ సామెతను చిన్ననాడు బడిలో వల్లించినవారే సంక్రాంతి దినములలో కోడిని చంకబెట్టుకొని బరికి పోవుచుందురు. ఇది మన జాతికి పాతదైన పొరపొచ్చెము. దీనిని గూర్చి వ్రాసినవారు పెక్కుమంది గలరు. ఇప్పుడు మేము వ్రాయదలచినది ఆ పందెమునకు తమ్ముడనదగిన యొక క్రొత్త వేడుకను గూర్చి. కంపెనీలవారు తమ యుద్యోగులను ఒక దినము పనినుండి విడిపించి, జట్లుగా పంచి, వారిచేతనే చిన్న చిన్న యంత్రములను కూర్పించి, సాయంకాలమున ఆ యంత్రములను బరిలో దించి యొకదానితో నొకటి పోరాడించుచున్నారు. దీనివలన ఉద్యోగులలో ఐకమత్యము వృద్ధియగునని వారి నమ్మకము. ఈ పనికి వారు పెట్టిన పేరు 'టీము బిల్డింగు', అనగా జట్టు కట్టుట. పోరువలన పొందు పుట్టునా యనునదే నేటి మా ప్రశ్న. పైకి వినోదముగా తోచు ఈ ప్రశ్నలో మనుష్యులు ఒకరికొకరు ఏమి కావలయునను పెద్ద ప్రశ్న దాగియున్నదని మా యభిప్రాయము.

విజయవాడనుండి బందరు పోవు రహదారిలో కంకిపాడున్నది. బెజవాడ ఆనకట్టవలన పచ్చబడిన డెల్టా పల్లెలలో నిదియొకటి. కానూరు, పోరంకి, పెనమలూరు, గంగూరు – ఈ యూళ్లన్నియు నేడు పట్టణముతో నల్లుకొనిపోవుచున్నవి. ఒకప్పుడు వరిచేలున్న తావులలో ఇంజనీరింగు కళాశాలలు వెలసినవి. గన్నవరమునకు సమీపమున కేసరపల్లి ప్రాంతమున కంప్యూటరు కంపెనీల మేడలు లేచినవి. తాత నాగలి పట్టిన చేతితో మనుమడు కీబోర్డు పట్టినాడు. అయినను సంక్రాంతి వచ్చునప్పటికి తాతయు మనుమడును ఒకే బరియొద్ద చేరుదురు. డేగ, కాకి, నెమలి, సేతువ అని కోళ్ల వన్నెలను బట్టి జయాపజయములను లెక్కించు కుక్కుటశాస్త్రము కంకిపాడు పరిసరములలో నేటికిని జీవించియున్నది. జంతుహింసా నివారణ శాసనము 1960లో వచ్చినది. జూదమును నిషేధించు ఆంధ్రప్రదేశ్ శాసనము 1974లో వచ్చినది. కోడికాలికి కత్తికట్టువారు ఆ రెండింటిని గూర్చియు వినియే యుందురు.

ఒక సంక్రాంతికి కొన్నిదినములు ముందుగా ఆ ప్రాంతమున నొక తోటలో జరిగిన యంత్రముల పోరునకు మా మిత్రుని కుమార్తె మమ్ము తోడ్కొని పోయినది. ఆమె ఆ కంపెనీలో నుద్యోగిని. నలువదిమంది వరకు వచ్చియుండిరి. అయిదేసిమంది చొప్పున జట్లు గావించి, ఒక్కొక్క జట్టునకు ఒక్కొక్క పెట్టె నిచ్చిరి. పెట్టెలో రెండు మోటారులు, చక్రములు, బ్యాటరీ, పలుచని చెక్కలు, మరలు, తీగెలు, దూరమునుండి నడుపుటకు మీటలపెట్టె యుండెను. మధ్యాహ్నమువరకు కూర్చుట, భోజనానంతరము పోరాడుట. ప్రతి యంత్రము వెనుకను ఒక బుడగ కట్టబడును. ముందర నొక సూది యుండును. ఎదిరి బుడగను పగులగొట్టినవారు గెలిచినట్లు. చూచుటకు పిల్లల యాటవలె నుండెను గాని, బరిచుట్టు చేరిన ఆ విద్యావంతుల కేకలను కన్నులు మూసికొని విన్నచో, ఈడుపుగల్లు బరియొద్ద నున్నామా యను భ్రమ కలుగక మానదు.

ఈ యాటకు పుట్టినిల్లు అమెరికా. 1994లో శాన్ ఫ్రాన్సిస్కో నగరమున మార్క్ థోర్ప్ అనునాతడు యంత్రముల పోరును బహిరంగముగా నడిపెను. 1998లో ఇంగ్లండులో బి.బి.సి. వారు దానిని టెలివిజనులో చూపసాగిరి. మనదేశమున ముంబయి ఐ.ఐ.టి. విద్యార్థుల టెక్‌ఫెస్టు ఉత్సవములో నిట్టి పోరులు జరుగుచున్నవి. కంపెనీల తోటలలో జరుగునది బొమ్మలాట. నిజమైన బరులలో జరుగునది భయంకరము. మల్లులకువలెనే యంత్రములకును తూనికలనుబట్టి తరగతులున్నవి. అరచేతిలో నిముడు చీమతరగతి మొదలు నూరు కిలోలు దాటు భారీతరగతి వరకు గలవు. పోరు మూడు నిమిషములు. కొన్ని యంత్రములు నాగటికర్రువలె నేలకంటి ఎదిరిని క్రిందినుండి లేపి పడవేయును. కొన్ని ఉక్కుచక్రమును మహావేగమున గిరగిర త్రిప్పుచు వచ్చి తాకును. చక్రవేగము రెట్టింపైనచో దెబ్బలోని శక్తి నాలుగింతలగును. అందుచే ప్రేక్షకులకును బరికిని నడుమ దళసరియైన పాలికార్బనేటు గోడ నిలుపుదురు. పది సెకనులు కదలలేని యంత్రము ఓడినట్లే.

ఇట్టి వేడుకను మేము మొదటనే నిందింపబోము. నిందించువారు చెప్పు మాటలు మేము వింటిమి. ఇంత చదివినవారు పసిపిల్లలవలె బొమ్మలను కొట్లాడించుటయా యందురు. మనుష్యునిలోని క్రౌర్యమునకిది పాలుపోసి పెంచుటయే యందురు. ఈ మాటలలో కొంత తొందరపాటున్నది. కత్తికట్టిన కోడి యొడలు చీలినప్పుడు దానికి బాధ కలదు; యంత్రము చక్రమూడినప్పుడు దానికి బాధలేదు. నెత్తురు చిందని పందెము నెత్తురు చిందు పందెముకంటె మేలని యొప్పుకొననివాడు న్యాయము తెలియనివాడు. కంకిపాడు బరులలోని కత్తులన్నియు రేపే తీసివేసి, వాని స్థానమున చెక్కయంత్రములను దింపుదుమని ఎవరైన వచ్చినచో, మేమే ముందుగా చేతులెత్తి యాశీర్వదింతుము.

రెండవ మేలు మరియు గొప్పది. మనదేశమున చదువు పెరిగినకొలది చేతిపని తగ్గినది. కలము పట్టినవాడు గొడ్డలి పట్టరాదను దురభిమానము మన కులవ్యవస్థ యిచ్చిన యాస్తి. ఆనాడు ఆ తోటలో జమాఖర్చులు వ్రాయునొక నడివయస్సుగల యుద్యోగి, ఇంటిలో బల్బు మార్చుటకును మనిషిని పిలిచెడివాడు, గంటసేపు మర బిగించుచు చెమటోడ్చుచుండగా చూచితిమి. అతని మోటారు మొదటిసారి తిరిగినప్పుడు ముఖమున వెలిగిన సంతోషము జీతము పెరిగిననాడు వెలుగునది కాదు. తానొక వస్తువును చేయగలనని తెలిసికొన్న మనుష్యుని సంతోషమది. ఈ సంతోషమును పంచిపెట్టు వేడుకను ఎవ్వరు తూలనాడగలరు?

మేలునొప్పుకొంటిమి గనుక ఇక సందేహములోనికి వత్తము. కంపెనీవారు చెప్పుచున్నది తాము చేతిపని నేర్పుదుమని కాదు, ఐకమత్యమును నేర్పుదుమని. మనుష్యులను జట్లుగా పంచి పోరాడించినచో ఏమగునో 1954లోనే ఒక పండితుడు పరీక్షించి చూచెను. ఆయన పేరు ముజఫర్ షెరీఫ్; తురుష్కదేశమున పుట్టి అమెరికాలో స్థిరపడిన మనస్తత్త్వవేత్త. ఓక్లహామాలో రాబర్స్ కేవ్ అను కొండప్రాంతమునకు ఆయనయు ఆయన సహచరులును పదునొకండేండ్ల ప్రాయమున నున్న ఇరువదిరెండుగురు బాలురను వేసవి విడిదికని తీసికొనిపోయిరి. వారందరు ఒకే తీరు కుటుంబములవారు. ఒకరితో నొకరికి పూర్వవైరము లేదు. వారిని రెండు జట్లుగా చేసిరి. ఒకరు గ్రద్దలని పేరు పెట్టుకొనిరి, ఇంకొకరు త్రాచులని. పిమ్మట బంతియాటలు, మోకులాగుడు మొదలగు పందెములు పెట్టి, గెలిచినవారికి బహుమతులు చూపిరి. కొద్దిదినములలోనే ఒకరి జెండాను ఒకరు తగులబెట్టిరి, ఒకరి గుడిసెపై నొకరు దాడి వెడలిరి, తిట్టుకొనిరి. తమ జట్టులో మాత్రము ప్రాణస్నేహితులైరి.

ఈ పరీక్షను తరువాతివారు అనేకవిధముల విమర్శించిరి. పెద్దలు బాలురను తమకు వలసిన దిక్కునకు నెట్టిరని కొందరనిరి. ఆ విమర్శను మేము త్రోసివేయము. కాని మన పల్లెలలో ముఠాకక్షలు చూచినవారికి ఓక్లహామాదాక పోవనక్కరలేదు. పోరు రెండు పనులు చేయును. లోపలివారిని బిగించును, వెలుపలివారిని విడదీయును. ఒకే మోకును ముడివేసినప్పుడు ఈ కొస బిగిసినకొలది ఆ కొస కుదించుకొని పోయినట్లు. ఒక్కదినపు వేడుకలో ఈ విభజన వెంటనే విషము కాదు. సాయంకాలము నవ్వుకొని విడిపోదురు. అయితే ఒక కంపెనీలో ఏడాదిపొడవున శాఖకును శాఖకును పందెము, మనుష్యునకును మనుష్యునకును పందెము నడచుచుండగా, విరుగుడుగా ఇంకొక పందెమునే త్రాగింపబోవుట వైద్యమగునా?

పందెములు కలిపిన మనుష్యులకథకును, విడదీసిన మనుష్యులకథకును మనకు పల్నాటి వీరచరిత్ర కంటె మంచి నిదర్శనము లేదు. పండ్రెండవ శతాబ్దమునాటిదని చెప్పబడు ఆ కథలో, నాయకురాలు నాగమ్మ కోడికిని, బ్రహ్మనాయుని కోడికిని పోరు జరుగును. ఓడిన మాచర్లవారు రాజ్యము విడిచి యేడేండ్లు వనవాసమునకు పోవుదురు. కోడికాలి కత్తితో మొదలైనది కారెంపూడి రణభూమిలో ముగియును. అదే బ్రహ్మనాయుడు అదే కథలో చాపకూడు నడిపినవాడు. మాలలు, మాదిగలు, వెలమలు, బ్రాహ్మణులు – అందరిని ఒకే చాపపై కూర్చుండబెట్టి ఒకే బంతిలో అన్నము పెట్టినాడని కథ చెప్పుచున్నది. మాల కులమున పుట్టిన కన్నమదాసు ఆయన సేనలో నాయకుడైనాడు. ఏటేట కార్తిక అమావాస్యతో కారెంపూడిలో మొదలగు వీరారాధనలో నేటికిని కోడిపోరునకు నొక దినమున్నది, చాపకూటికిని చోటున్నది. మన పూర్వులు రెండింటిని ఒకే ఉత్సవములో నుంచిరి; ఏది నష్టమో ఏది లాభమో ఎంచుకొనుట మనకు విడిచిరి.

ఇచ్చట చదువరి ఒక యాక్షేపము చేయవచ్చును. కలిసి తినినంతమాత్రమున కలిసిపోవుదురా? పెండ్లివిందులలో ప్రక్కప్రక్కన కూర్చుండి తినిన దాయాదులు మరునాడు కోర్టులో నెదురెదురుగా నిలుచుట లేదా? ఈ యాక్షేపము న్యాయమైనదే. షెరీఫు బాలుర విడిదిలోను అదే జరిగెను. వైరము ముదిరిన పిమ్మట వారిని ఒకే భోజనశాలలో కూర్చుండబెట్టిరి. వారు తినుబండములను ఒకరిపై నొకరు విసరికొనిరి. ఒకే చలనచిత్రమును చూపిరి, మారలేదు. అప్పుడు విడిదికి నీళ్లువచ్చు మార్గములో నాటంకము కలిగించిరి. దప్పిక రెండు జట్లకును ఒక్కటే గనుక రెండు జట్లును కలిసి వెదకి నీటిని సాధించుకొనిరి. మరియొకనాడు అన్నము తెచ్చు లారీ కదలక నిలిచినది. పందెమునకు వాడిన మోకునే లారీకి కట్టి రెండు జట్లవారును కలిసి లాగిరి. క్రమక్రమముగా వారి వైరము కరగిపోయినది. ఎదిరిని లాగుటకు ఉపయోగించిన మోకు తమ యన్నమును లాగికొనుటకు పనికివచ్చినది!

కావున పోరు పొందును చేయదు. ఊరక కూడి తినుటయు దానిని చేయదు. ఒకే కష్టము, ఆ కష్టమును తీర్చుకొనుటకు ఒకే పని – ఇవియే మనుష్యులను కలుపును. ఇది డెల్టావాసులకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచి వేలకొలది ప్రాణములను తీసికొన్నప్పుడు, శవములను మోయుటకు వచ్చినవారు ఏ కులమువారి శవమని యడిగి మోయలేదు. 2024 సెప్టెంబరు మొదటివారమున బుడమేరు గండ్లుపడి విజయవాడ సింగునగరును, పరిసరములను ముంచినది. ప్రకాశము బరాజునకు 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరద వచ్చినది. మేడలమీద చిక్కిన జనులకు పడవలు చేరలేని తావులలో అన్నపు పొట్లములను, నీటిసీసాలను డ్రోనులు మోసికొనిపోయినవి. అదియు యంత్రమే. దానిని దూరమునుండి నడిపినదియు మీటలపెట్టెయే. బరిలో బుడగ పగులగొట్టు చేతికిని, వరదలో పసిపిల్లకు పాలపొట్లము దింపు చేతికిని నైపుణ్యములో భేదము స్వల్పము. నైపుణ్యమును ఎచ్చటికి నడిపితిమనుటలోనే భేదమంతయు.

మరల ఆ తోటకు పోదము. మధ్యాహ్నము ఒక జట్టువారి యంత్రములో తీగె తెగి మోటారు నిలిచిపోయినది. అతుకుపెట్టుట వారిలో నెవరికిని రాదు. వారితో మొదట తలపడవలసిన జట్టులోని యువతి యొకతె తన కావడిని విడిచినట్లు తన పనిని విడిచి లేచివచ్చి, సీసముకరగించి తీగెనతికిపెట్టినది. అర్ధగంటకు ఆ యంత్రమే ఆమె జట్టు బుడగను పగులగొట్టినది. ఆమె యందరికంటె గట్టిగా చప్పట్లు కొట్టినది. మేము విచారించగా, పెద్ద బరులలోను ఇదియే యాచారమని తెలిసినది. పోరునకు ముందు యంత్రములను బాగుచేసికొను బల్లలయొద్ద ప్రత్యర్థులే ఒకరికొకరు బ్యాటరీలను, చక్రములను ఎరువిచ్చుకొందురట. ప్రేక్షకులు డబ్బిచ్చి చూచునది బరి. ఆ యాటను పోషించునది బల్ల. చుట్టు చేరిన మేమందరము బరివైపు చూచుచుండగా, కంపెనీవారు వెదకుచున్న ఐకమత్యము మా వెనుక బల్లయొద్ద చప్పుడులేక పుట్టినది! ఆనాడు బహుమతి మాత్రము బుడగ పగులగొట్టినవారికే యిచ్చిరి. తీగెనతికినదానికి బహుమతి లేదు.

ఆ తోటలోనే మరియొక మాట వింటిమి. ఆ మాటయే ఈ వ్యాసమునకు కారణము. తోటను ఊడ్చునట్టి యేబదియేండ్ల స్త్రీ యొకతె చీపురు చేతబట్టుకొని చాలసేపు గుమ్మమున నిలిచి చూచుచుండెను. నేలమీద చెక్కపొట్టు, తీగెముక్కలు, పగిలిన బుడగలు పడియుండెను. ఆమె ఒక యువకుని నడిగినది:

"ఏం బాబూ, పొద్దుటనించీ ఇంత కష్టపడి చేశారుగదా, ఇది కసువేవన్నా ఊడుస్తదా?"

ఆ యువకుడు నవ్వి, "లేదు పిన్నిగారూ, ఇది కొట్లాడటానికే" యనెను.

"కొట్లాటకయితే మా ఊళ్లో కోళ్లున్నయ్ గదయ్యా. దానికింత చదువెందుకూ?"

అందరును నవ్విరి. ఆమెయు నవ్వినది. పిమ్మట నవ్వినవారు టీ త్రాగపోయిరి. ఆమె ఊడ్చుట కారంభించినది.

'రోబో' అను మాట ఎచ్చటనుండి వచ్చినదో ఆ యువకునకు తెలిసియున్నచో అంత తేలికగా నవ్వియుండడు. చెకోస్లొవేకియా దేశపు రచయిత కారెల్ చాపెక్ వ్రాసి, 1921లో ప్రాగు నగరమున ప్రదర్శింపబడిన 'ఆర్.యు.ఆర్.' అను నాటకమునుండి ఆ మాట లోకమునకు ప్రాకినది. ఆ మాటను సూచించినవాడు ఆయన యన్న జోసెఫ్. చెక్ భాషలో 'రోబొత' యనగా దొరకు దాసులు జీతములేక చేయవలసిన పని. మన భాషలో దానికి సరియైన మాట వెదకనక్కరలేదు; వెట్టి. యంత్రమునకు వెట్టివాడని పేరుపెట్టిరి, వెట్టినుండి మనుష్యుని తప్పించునను నాశతో. నూరేండ్లు గడచినవి. వెట్టివాడని పేరుగల యంత్రము బరిలో వినోదించుచున్నది. చీపురు పట్టినామె గుమ్మమున నిలిచియున్నది!

ఆమె ఏ జట్టులోనిది? ఇది మా రెండవ ప్రశ్న, మొదటిదానికంటె కఠినమైనది. నలువదిమందిని ఎనిమిది జట్లుగా పంచినప్పుడు పెద్ద యధికారియు చిన్న గుమాస్తాయు ఒకే జట్టులో పడిరని కంపెనీవారు సంతోషించిరి. అది సంతోషింపదగినదే. కాని వారిని బస్సులో తెచ్చిన డ్రైవరు బస్సులోనే కూర్చుండెను. వంటవారు పొయ్యియొద్ద నుండిరి. ఆఫీసులో దినదినము బల్లలు తుడుచు మనుష్యులు, కాంట్రాక్టువారి మనుష్యులను కారణమున, ఆ దినమునకు పిలువబడనే లేదు. జట్టు కట్టుటకు ముందు ఎవరు జట్టులోనివారు కారో నిర్ణయమైపోయినది. ఆ నిర్ణయము నెవరును చేసినట్లు లేదు. అది తనంతట జరిగిపోయినది. మనదేశమున పూర్వము పంక్తిలో ఎవరు కూర్చుండరాదో ఎవరును చెప్పనక్కరలేకయే యందరికి తెలిసియుండెడిది. చాపకూటి గొప్పతనము అన్నములో లేదు, అదివరకు చాప వెలుపల నిలిచినవానిని పిలిచి కూర్చుండబెట్టుటలో నున్నది. చాప వెడల్పు కానిచో ఐకమత్యమను మాట లోపలివారి ముచ్చటగా మిగులును.

ఇంకొక మాటయు చెప్పకతప్పదు. యజమాని యుద్యోగులతో మీరందరు ఒక్కటి కండని చెప్పుట వినుటకు ఇంపుగా నుండును. వారు నిజముగా ఒక్కటియై, పనిగంటలను గూర్చియు, సెలవులను గూర్చియు, తొలగింపులను గూర్చియు ఒక్కమాటగా వచ్చి యడిగినప్పుడు ఆ యైకమత్యమును ఆయన అంతే ఆదరముతో చూచునా? చూచినచో ఆయన కోరినది పొందు. చూడనిచో ఆయన కోరినది బరిలో నిలుచు కోళ్లకు గల యైకమత్యము. పందెగానికి మేలు, కోడికి కాదు. ఈ గీటురాతిమీద ఏ కంపెనీకాకంపెనీ తన్ను తాను గీచి చూచుకొనవలయును.

మా మాటలు విని ఆ వేడుకలను మాన్పించవలయునని మేము కోరుచున్నట్లు చదువరులు తలపరాదు. ఆట మనుష్యునకు వలయును. పంతములేని యాటలో రుచి తక్కువ. పంతమును దేనిమీద నిలుపుదమనుటయే మా మనవి. దీనికి మార్గము చూపినవారు లేకపోలేదు. 2002నుండి ఆసియా దేశముల విద్యార్థులు 'రోబోకాన్' అను పోటీ నడుపుకొనుచున్నారు. అందులో యంత్రములు ఒకదానినొకటి పగులగొట్టుకొనుట ప్రధానము కాదు. ఏడాదికొక పనిని నిర్ణయించి, ఆ పనిని ఎవరి యంత్రములు చక్కగా చేయునో చూతురు. 2008లో మన పుణె నగరమున జరిగినప్పుడు బాలకృష్ణుని యుట్టి కథను తీసికొని, కుండలోని వెన్నను అందుకొనుటయే పందెముగా పెట్టిరి. అందును గెలుపోటములు గలవు, కేకలు గలవు. కాని పంతమంతయు వెన్న నందుకొనుటమీదనే.

మరియొక దారి కేరళమున కనబడినది. మురుగుకాలువలలోనికి మనుష్యులను దింపరాదని 2013లో కేంద్రశాసనము వచ్చిన తరువాతను దిగుచునే యున్నారు, విషవాయువులకు చచ్చుచునే యున్నారు. కొందరు యువ ఇంజనీర్లు 'బ్యాండికూట్' అను యంత్రమును కల్పించి 2018లో తిరువనంతపురమున మురుగుగుంటలోనికి మనుష్యునికి బదులు దానిని దింపిరి. బ్యాండికూట్ అనగా పందికొక్కు. పేరు పందికొక్కు; చేయునది మనుష్యుని ప్రాణమును నిలుపుట. వెట్టివాడను పాత పేరునకు ఇన్నాళ్లకు న్యాయము చేసినది అట్టి యంత్రమే.

కాబట్టి కంకిపాడు తోటలలో మరుసటియేడు ఇట్టి వేడుక చేయువారికి మా సూచన లివి. పెట్టెలను పంచుటకు ముందు బస్సు డ్రైవరును, వంటమనిషిని, తుడుచునామెను పిలిచి తలకొక జట్టులో కూర్చుండబెట్టుడు. వారు దినదినము పడు కష్టములలో ఒక్కదానిని చెప్పుమనుడు. నడుము వంచక కసువెత్తునది, వేడిగిన్నెను చేయి కాలకుండ దింపునది, చిన్నకాలువలో నాచు లాగునది – ఏదియైనను సరే. చెక్కయు తీగెయు మీ చేతిలో నున్నవి. చదువు మీ తలలో నున్నది. కష్టమేదో వారికి తెలియును. మధ్యాహ్నమువరకు కూర్పుడు. సాయంకాలము పందెము పెట్టుడు, కేకలు వేయుడు. తీర్పు మాత్రము ఆ కష్టము పడువారే చెప్పవలెను. ప్రత్యర్థి తీగెను అతికిన చేతికి ప్రత్యేకముగా నొక బహుమతి నుంచుడు. ఒక దినములో గొప్ప యంత్రము తయారుకాదని మేమెరుగుదుము. పదింటిలో తొమ్మిది పనిచేయకపోవచ్చును. పనిచేయని ఆ తొమ్మిదింటిని చేయుటలోనే, తనతో నొకే గడపలో పదియేండ్లు తిరిగిన మనిషి నడుమునొప్పిని ఒక ఇంజనీరు మొదటిసారి తెలిసికొనును.

ఇది పుస్తకములలోని ఆశ యని నవ్వువారుందురు. నూరేండ్ల క్రిందట ఈ డెల్టాలోనే యట్టి యాశలను పనిలో పెట్టినవారుండిరి. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతులు బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును స్థాపించినప్పుడు పల్లెపల్లెకు పుస్తకమేమిటని నవ్వినవారును ఉండియే యుందురు. 1935లో పాతూరి నాగభూషణము గారి పూనికతో పెదపాలెమునుండి కృష్ణకాలువలో పుస్తకములతో పడవ నడచినది. ఆ పడవ ఎవరినైన ఓడించుటకు బయలుదేరలేదు. అక్షరమునకు దూరమైనవారి రేవునకు అక్షరమును చేర్చుటకు బయలుదేరినది. ఆ పనిలో చేరినవారికి తాము జట్టుగా నున్నామని యెవరును చెప్పవలసిన యవసరము లేకపోయినది.

తోటనుండి తిరిగివచ్చునప్పుడు మా మిత్రుని కుమార్తెను, ఆ స్త్రీ యడిగిన ప్రశ్నకు నీవేమి చెప్పుదువని మేమడిగితిమి. ఆమె కొంతసేపు కిటికీలోనుండి వరికుప్పలవైపు చూచి, "కసువు ఊడ్చు యంత్రమును చేయుట కొట్లాడు యంత్రముకంటె చాల కష్టమండి, మాకు ఒక్కపూట చాలదు" అనినది. ఆ మాట సత్యము. కొట్లాటకు ఒక్కపూట చాలును.